కెమెరా కటకంలో వెలుగు తరుగు



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు సైన్సు మీద ఒక వ్యాసం రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు, మేము మొదట నక్షత్రాల గురించో కృష్ణబిలాల గురించో రాద్దామనుకున్నాం. అలాంటివి మీకు పుస్తకాల్లో కావలసినన్ని దొరుకుతాయి. ఈ తిరుమలగిరిలోనే మేము దెబ్బతిని నేర్చుకున్న విషయం ఒకటుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి మాకు ఏడాది పైనే పట్టింది. అందుకని అదే రాస్తున్నాం.

కెమెరా కటకం, అంటే లెన్సు, అంచు మీద ఒక అంకె రాసి ఉంటుంది. 1.8 అనో, 2.8 అనో, 4 అనో. సెల్‌ఫోన్ వివరాల్లో కూడా ఎఫ్/1.8 అని చూసే ఉంటారు. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ వస్తుందని ఒక మాట చెప్తారు. ఒకే అంకె పెట్టిన రెండు కటకాలు ఒకే వెలుగు ఇస్తాయని ఇంకో మాట చెప్తారు. మొదటి మాటతో మాకు పేచీ లేదు. రెండో మాట నమ్మి మూడు వందల రూపాయలు పోగొట్టుకున్నాం.

డిగ్రీ అయిపోయి పీజీ సీటు కోసం ఎదురుచూస్తున్న ఎండాకాలం అది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. హైదరాబాదు పోవాలంటే మెస్సు డిపాజిట్ కావాలి, పుస్తకాలు కావాలి, రెండు జతల బట్టలైనా కావాలి. నాయినను అడగడానికి మనసు ఒప్పలేదు. పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీసే ఒక స్టూడియోలో రోజుకు అయిదు వందల కూలికి చేరాం. లైట్లు పట్టుకోవడం, బ్యాటరీలు మార్చడం, ఓనరు భోజనానికి పోయినప్పుడు కెమెరా చూసుకోవడం మా పని.

ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లం దాకా కెమెరాకు 50 మిల్లీమీటర్ల మామూలు కటకం తగిలించి ఉంది. తలంబ్రాలు మొదలయ్యేసరికి జనం పందిట్లోకి తోసుకొచ్చారు. ఓనరు దూరం నుంచి "జూమ్ పెట్టు" అని కేకేశాడు. మేము జూమ్ కటకం మార్చాం. అంతకుముందు ఎఫ్ 4 ఉంది కాబట్టి దీని మీదా ఎఫ్ 4 పెట్టాం. షట్టరు వేగం, ఐఎస్‌ఓ ముట్టుకోలేదు. అదే కెమెరా, అదే పందిరి, అవే లైట్లు.

వారం తర్వాత వీడియో చూసుకున్న పెళ్లివాళ్లు స్టూడియోకు వచ్చారు. జీలకర్ర బెల్లం వరకు పిల్ల ముఖం కళకళలాడుతోంది. తలంబ్రాలు వచ్చేసరికి ఎవరో దీపం తగ్గించినట్టు అయింది. "మా పిల్ల మొకం నల్లగ పడ్డది" అని తల్లి బాధపడింది. ఓనరు మా వైపు తిరిగి "సెట్టింగ్ ఎందుకు కదిలిచ్చినవ్?" అన్నాడు. కదిలించలేదని చెప్పాం. రెండు క్లిప్పుల్లోనూ ఎఫ్ 4 అనే నమోదై ఉందని కంప్యూటరులో చూపించాం. "మరి నల్లగెట్లైంది?" అంటే మా దగ్గర జవాబు లేదు. ఆ రోజు కూలిలో మూడు వందలు కోశాడు.

డబ్బు సంగతి అటుంచండి, జవాబు లేకపోవడమే మాకు ఎక్కువ గుచ్చుకుంది. భౌతిక శాస్త్రంలో డిగ్రీ చేతిలో పెట్టుకొని, ఒకే అంకె దగ్గర రెండు కటకాలు రెండు రకాలుగా ఎందుకు పనిచేశాయో చెప్పలేకపోయాం.

ముందు ఆ అంకె ఏమిటో చూద్దాం. కటకానికి నాభ్యంతరం ఉంటుందని మీరు పదో తరగతిలో చదివారు. కటకం లోపల వెలుగు పోవడానికి ఒక ద్వారం ఉంటుంది. దాన్ని రేకులతో చిన్నదిగా, పెద్దదిగా చేయవచ్చు. నాభ్యంతరాన్ని, ముందు నుంచి చూసినప్పుడు కనిపించే ఆ ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ సంఖ్య. 50 మిల్లీమీటర్ల కటకంలో ద్వారం 25 మిల్లీమీటర్లుంటే ఎఫ్ 2. ద్వారం 12.5 మిల్లీమీటర్లకు తగ్గిస్తే ఎఫ్ 4. ద్వారం వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది కాబట్టి వెలుగు కూడా నాలుగో వంతుకు పడిపోతుంది. కటకం మీద 1.4, 2, 2.8, 4, 5.6, 8 అని విచిత్రంగా అంకెలు ఉండడానికి కారణం ఇదే. ఒక్కో అంకెకు వెలుగు సగం కావాలంటే వ్యాసం 2 వర్గమూలం చొప్పున తగ్గాలి. ఈ ఒక్కో మెట్టునే స్టాపు అంటారు.

నాభ్యంతరంతో ఎందుకు భాగించాలి, ద్వారం వ్యాసం ఒక్కటి చెప్తే సరిపోదా అని మీకు అనుమానం రావచ్చు. 100 మిల్లీమీటర్ల కటకం ఎఫ్ 4 దగ్గర 25 మిల్లీమీటర్ల ద్వారంతో ఉంటుంది. 50 మిల్లీమీటర్ల కటకానికి అదే ఎఫ్ 4 దగ్గర ద్వారం 12.5 మిల్లీమీటర్లే. పెద్ద ద్వారంలోంచి నాలుగింతల వెలుగు వస్తుంది. కానీ ఆ కటకం బొమ్మను కూడా రెట్టింపు పొడవు, రెట్టింపు వెడల్పుతో చూపిస్తుంది, అంటే నాలుగింతల వైశాల్యం మీద పరుస్తుంది. చివరికి బొమ్మ మీద ఒక్కో చోట పడే వెలుగు సమానం. ఇంత చక్కని లెక్క కాబట్టే ప్రపంచమంతా దాన్ని పట్టుకుంది.

అయితే ఒకటి గమనించండి. ఈ లెక్కలో ఉన్నవి పొడవు, వ్యాసం మాత్రమే. రెండూ స్కేలుతో కొలిచేవే. లోపల ఉన్న గాజు గురించి ఇందులో ఒక్క ముక్క లేదు.

మా నాయిన చాలా ఏండ్లు బోరు బండి మీద కూలికి పోయాడు. చిన్నప్పుడు సెలవుల్లో మేము కూడా వెంట పోయేవాళ్లం. మన దిక్కు చాలావరకు ఆరున్నర ఇంచుల బోరే వేస్తారు. బండి ఆగగానే ఊరంతా అడిగేది "ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డయి?" అని. ఒకరికి రెండించులు, ఒకరికి ఒకటిన్నర, ఇంకొకరికి దుమ్ము. పొక్క మాత్రం అందరిదీ ఆరున్నరే. పొక్క కొలతను చూసి ఎవరూ నాటు వేయరు, నీళ్లు చూసి వేస్తారు. ఎఫ్ సంఖ్య చెప్పేది పొక్క కొలత. నీళ్ల కొలత వేరే ఉంది. ఈ సంగతి తట్టిన రోజు, పీజీ ప్రయోగశాలలో కూర్చొని మాలో మేమే నవ్వుకున్నాం. నాయినకు ఇరవై ఏండ్ల కిందనే తెలిసిన ముచ్చట ఇది.

మరి గాజు వెలుగును ఎక్కడ తినేస్తుంది? రాత్రి పూట సూర్యాపేట నుంచి బస్సులో వస్తున్నప్పుడు కిటికీ అద్దంలో మీ ముఖం మీకే కనిపిస్తుంది కదా. అద్దం పారదర్శకమే అయినా కొంత వెలుగును వెనక్కి కొడుతోందన్నమాట. గాలి నుంచి గాజులోకి పోయేటప్పుడు కొంత, గాజు నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు కొంత పరావర్తనం అవుతుంది. ఇంటరు చదివే తమ్ముళ్లు ఈ లెక్క చేసి చూడవచ్చు. వక్రీభవన గుణకంలోంచి 1 తీసేసి, దాన్ని వక్రీభవన గుణకానికి 1 కలిపిన దానితో భాగించి, వర్గం చేయాలి. మామూలు గాజుకు 1.5 కాబట్టి 0.5 ని 2.5 తో భాగిస్తే 0.2, దాని వర్గం 0.04. అంటే ఒక్కో ఉపరితలం దగ్గర నూటికి 4 పాళ్లు వెనక్కి పోతాయి. ఖరీదైన కటకాల్లో వాడే బరువైన గాజుకు గుణకం 1.7 దాకా ఉంటుంది, దానికి 6 పాళ్ల పైనే.

నూటికి నాలుగేగా అనుకోకండి. ధాన్యం అమ్మే ఇంట్లో పుట్టినవాళ్లకు తరుగు సంగతి చెప్పనక్కర లేదు. బస్తాకు ఇంత అని తీస్తూ పోతే తక్‌పట్టీలో చివరి బరువు చూసినప్పుడు గానీ ఎంత పోయిందో తెలియదు. కెమెరా కటకం ఒకే గాజు ముక్క కాదు. మామూలు 50 మిల్లీమీటర్ల కటకంలోనే ఆరేడు ముక్కలుంటాయి. జూమ్ కటకంలో పదిహేను ఉన్నా ఆశ్చర్యం లేదు. కొన్ని ముక్కలను జిగురుతో కలిపి అతికిస్తారు. అతికిన చోట గాలి ఉండదు కాబట్టి నష్టం చాలా తక్కువ. గాలికి తగిలే ఉపరితలాలనే లెక్కపెట్టాలి. విడివిడి గుంపులు పన్నెండు ఉన్న జూమ్‌లో అవి 24. పూత ఏమీ లేని గాజైతే 0.96 ను 24 సార్లు హెచ్చవేయండి. వచ్చేది 0.375. వందలో అరవై రెండు పాళ్లకు పైగా దారిలోనే తరుగు! అంకె మాత్రం ఎఫ్ 4 అనే ఉంటుంది, ఎందుకంటే పొక్క మారలేదు.

అదృష్టవశాత్తూ ఇప్పుడు పూత లేని కటకాలు ఎవరూ చేయడం లేదు. ఆ పూత ఎలా పుట్టిందో వెతుకుతూ పోతే మాకు హైదరాబాదు పాత చుట్టరికం ఒకటి తగిలింది. నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన ఇంగ్లండు నుంచి దూరదర్శినులు తెప్పించి 1901లో నక్షత్రశాల పెట్టించారు. అదే నిజామియా నక్షత్రశాల. తర్వాత అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. మేము చదువుతున్నది అక్కడే కాబట్టి ఆ పేరు చూడగానే సంతోషం వేసింది. ఆకాశం మొత్తాన్ని ఫోటో పలకల మీద పటంగా గీయాలని 1887లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ పథకం మొదలైంది. ప్రపంచంలోని నక్షత్రశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ మన హైదరాబాదు వంతుకు వచ్చింది. ఆ ఫోటోలు తీసిన 8 అంగుళాల దూరదర్శిని ఇంగ్లండులోని యార్క్ పట్టణానికి చెందిన కుక్ కంపెనీది.

ఆ కుక్ కంపెనీలోనే డెన్నిస్ టేలర్ అనే కటకాల నిపుణుడు పనిచేసేవాడు. 1892 ప్రాంతంలో ఆయన ఒక వింత గమనించాడు. ఏండ్ల తరబడి వాడి, పైన మచ్చ పట్టి రంగు మారిన పాత కటకాలు చెడిపోయాయని అందరూ అనుకుంటుంటే, అవి కొత్త కటకాల కన్నా ఎక్కువ వెలుగును పోనిస్తున్నాయి. అంతకు ముందు 1886లో ర్యాలీ అనే శాస్త్రవేత్త కూడా పాతబడ్డ గాజులో ఇలాంటిదే చూశాడు. కారణం ఏమిటంటే, గాజు మీద పట్టిన పలుచటి పొర గుణకం గాలికీ గాజుకూ మధ్యన ఉంటుంది. ఒక్కసారిగా గోడ ఎక్కడం కన్నా మధ్యలో ఒక మెట్టు వేసినట్టు. టేలర్ రసాయనాలతో కొత్త కటకాలను కావాలనే పాతబరిచే పద్ధతికి 1904లో పేటెంటు తీసుకున్నాడు. కానీ ఒకసారి కుదిరినట్టు ఇంకోసారి కుదరలేదు. 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో స్మకులా అనే ఆయన శూన్యంలో పూత వేసే పద్ధతి కనిపెట్టాక సంగతి స్థిరపడింది.

ఈ పూతకు ఎక్కువగా వాడేది మెగ్నీషియం ఫ్లోరైడు. గుణకం 1.38. మందం వెలుగు తరంగంలో నాలుగో వంతు, అంటే ఒక మిల్లీమీటరులో పదివేలో వంతు. పొర పైభాగం నుంచి, కింది భాగం నుంచి వెనక్కి వచ్చే రెండు తరంగాలు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. మీ పాఠంలోని వ్యతికరణం ఇదే. 4 పాళ్ల నష్టం ఒకటిన్నర పాళ్ల లోపుకు వస్తుంది. పొర ఆకుపచ్చ రంగుకు సరిపోయేలా వేస్తారు కాబట్టి ఎరుపు, నీలం కొంత మిగిలి కటకం ముఖం ఊదా రంగులో మెరుస్తుంది. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క రంగులు చూపిస్తుందే, దాని చుట్టమే ఇది. ఇప్పుడు ఒకదాని మీద ఒకటి చాలా పొరలు వేసి నష్టాన్ని అర పాలు దాకా తగ్గిస్తున్నారు.

మళ్లీ మన 24 ఉపరితలాల జూమ్‌కు వద్దాం. పూత లేకపోతే వందకు 37 చేరుతున్నాయి. ఒక్క పొర పూత ఉంటే 69. బహుళ పొరల పూత ఉంటే 88. ఎఫ్ 4 అనే అంకె మూడింటి మీదా ఒకటే. ఈ తేడాను చెప్పడానికి ఇంకో అంకె ఉంది, దాని పేరు టి సంఖ్య. కటకంలోంచి నిజంగా బయటపడే వెలుగు భాగాన్ని కొలిచి, దాని వర్గమూలంతో ఎఫ్ సంఖ్యను భాగిస్తే టి సంఖ్య వస్తుంది. 81 పాళ్ల వెలుగు పోనిచ్చే ఎఫ్ 4 కటకం నిజానికి టి 4.4. పైన చెప్పిన మూడు జూమ్‌లకు వరుసగా టి 6.5, టి 4.8, టి 4.2 వస్తాయి. మొదటి దానికీ చివరి దానికీ ఒక స్టాపుకు మించి తేడా. టి అంటే పొక్క కాదు, పడ్డ నీళ్లు.

అంత ముఖ్యమైన అంకె అయితే మామూలు కెమెరా కటకాల మీద ఎందుకు రాయరు? ఎందుకంటే చాలామందికి అవసరం రాదు. కెమెరా వెలుగును కొలిచే మీటరు కటకం వెనకాల ఉంటుంది. తరుగు పోయాక మిగిలిన వెలుగునే అది చూస్తుంది, దానికి తగ్గట్టు షట్టరు వేగం తానే సర్దుకుంటుంది. ఆటోలో పెట్టి తీసే వాళ్లకు ఈ తేడా జన్మలో తెలియదు. మేము ఆ రోజు అన్నీ చేత్తో బిగించి పెట్టి కటకం మార్చాం కాబట్టి దొరికిపోయాం. ఇంకో సంగతి, బొమ్మలో ముందూ వెనకా ఎంత దూరం స్పష్టంగా కనిపించాలనేది ఎఫ్ సంఖ్యను బట్టే ఉంటుంది, టి ని బట్టి కాదు. అందుకని ఒకటి ఉంటే ఇంకోటి అక్కర లేదనడానికి లేదు.

సినిమా వాళ్లకు మాత్రం మా పెళ్లి పందిరి కష్టం రోజూ ఉండేదే. ఒకే సన్నివేశాన్ని దూరం నుంచి ఒక కటకంతో, దగ్గర నుంచి ఇంకో కటకంతో తీసి అతికిస్తారు. వెలుగును చేతి మీటరుతో కొలిచి ద్వారం పెడతారు. చేతి మీటరుకు కటకం లోపలి తరుగు తెలియదు. 1957లో వచ్చిన మాయాబజార్‌కు కెమెరా మార్కస్ బార్ట్‌లీ. అందులో వెన్నెల చూసిన వాళ్లెవరూ మర్చిపోరు. నలుపు తెలుపు బొమ్మలో ఒక షాటుకూ ఇంకో షాటుకూ అర స్టాపు తేడా వచ్చినా వెన్నెల కాస్తా మబ్బు పట్టినట్టవుతుంది. సినిమా కటకాల మీద టి అంకెలు వేయడం 1950 ప్రాంతాల్లో ఊపందుకుంది. ఇప్పటికీ సినిమా కోసం చేసే కటకాల మీద టి అంకే ఉంటుంది.

రెండు అంకెలూ పక్కపక్కనే రాసి ఉన్న ఫోటో కటకం కూడా ఒకటుంది. మినోల్టా కంపెనీ తయారుచేసింది, తర్వాత సోనీ అమ్మింది. 135 మిల్లీమీటర్లు, ఎఫ్ 2.8, పక్కనే టి 4.5. వెనక కనిపించే దీపాల అంచులు మెత్తగా రావడం కోసం అందులో కావాలనే అంచుల వైపు నల్లబడే గాజు పెట్టారు. అది తినే వెలుగు చాలా ఎక్కువ, లెక్క వేస్తే ద్వారంలో పడ్డ దానిలో వందకు 40 కన్నా తక్కువే బయటికి వస్తుంది. అందుకే నిజాయితీగా రాశారు. అద్దాల దూరదర్శినులదీ ఇదే కథ. ఇబ్రహీంపట్నం ప్రాంతంలోని జపాల్-రంగాపూర్ నక్షత్రశాలలో 1968లో 48 అంగుళాల అద్దంతో దూరదర్శిని పెట్టారు. ఇలాంటి దూరదర్శినుల్లో పెద్ద అద్దం ముందు చిన్న అద్దం అడ్డం ఉంటుంది. చిన్నదాని వ్యాసం పెద్దదానిలో మూడో వంతైతే వెలుగులో తొమ్మిదో వంతు దాని వీపు మీదే పడి పోతుంది. అల్యూమినియం పూత కూడా వచ్చినదంతా తిప్పి పంపదు, ఒక్కో అద్దం దగ్గర నూటికి పది పాళ్ల దాకా పోతాయి. 48 అంగుళాలు అన్నది అక్కడా పొక్క కొలతే.

ఇదంతా కాగితం మీద లెక్క. మీ చేతులతో చేసి చూడడానికి మేము ఒక ప్రయోగం చేశాం, సామాన్లు మన హాస్టల్లోనే వదిలి వచ్చాం. ఫోటో ఫ్రేములు కట్టే అంగట్లో 2 మిల్లీమీటర్ల గాజు పది పలకలు కోయించాం. పాడైపోయిన సోలార్ దీపంలోంచి చిన్న సౌర ఘటం తీశాం. ఒక టార్చిలైటు, ఒక మల్టీమీటరు. రాత్రి భోజనాలయ్యాక స్టోరు గదిలో దీపాలార్పి, రూపాయి బిళ్లంత రంధ్రం చేసిన అట్టను ఘటం ముందు పెట్టి, టార్చి వేశాం. ఒక జాగ్రత్త చెప్పాలి. మల్టీమీటరులో వోల్టులు చూడకండి, మిల్లీ ఆంపియర్లు చూడండి. సౌర ఘటం వోల్టేజి వెలుగుతో సమంగా పెరగదు, కరెంటే పెరుగుతుంది. మేము మొదటి రాత్రి వోల్టులు చూసి, పది పలకలు పెట్టినా ఏమీ తగ్గడం లేదని తల పట్టుకున్నాం.

గాజు లేనప్పుడు 4.00 మిల్లీ ఆంపియర్లు వచ్చింది. ఒక పలక పెడితే 3.64. అయిదు పెడితే 2.69. పది పెడితే 1.97. అట్టకు ఉన్న రంధ్రం అంతే ఉంది, వెలుగు మాత్రం సగానికి పడిపోయింది. ఎఫ్ మారకుండా టి మారడమంటే ఏమిటో తొమ్మిదో తరగతి తమ్ముడొకడు మాకన్నా ముందే పట్టుకున్నాడు.

కానీ లెక్కతో పోల్చి చూస్తే ఒక చిక్కు వచ్చింది. ఒక్కో పలకకు రెండు ఉపరితలాలు, 92 పాళ్లు మిగలాలి. 0.92 ను పదిసార్లు హెచ్చవేస్తే 0.434, అంటే 1.74 మిల్లీ ఆంపియర్లే రావాలి. మాకు 1.97 వచ్చింది. గాజుకున్న ఆకుపచ్చ ఛాయ కూడా కొంత తింటుంది కాబట్టి ఇంకా తక్కువే రావాలి గానీ ఎక్కువ ఎందుకు వస్తుంది? రెండు రోజులు కొట్టుకున్నాక తెలిసింది. ఒక పలక వెనక్కి కొట్టిన వెలుగు ఊరికే పోదు. ముందున్న పలకకు తగిలి మళ్లీ ముందుకు వస్తుంది. అలా పలకల మధ్య బంతిలా ఎగిరి ఎగిరి కొంత బయటపడుతుంది. దాన్ని కలిపి లెక్క వేస్తే 54 పాళ్లు రావాలి. ఆకుపచ్చ ఛాయకు పలకకు ఒక పాలు చొప్పున తీసేస్తే 49. మా కొలత సరిగ్గా అక్కడే ఉంది.

ఇక్కడ ఇంకో సంగతి దాగి ఉంది. పది పలకలను కళ్లకు అడ్డం పెట్టుకొని దూరంగా వెలిగే టార్చిని కొంచెం ఏటవాలుగా చూడండి. ఒక టార్చి పక్కన వరసగా దయ్యాల్లా ఇంకా టార్చిలు కనిపిస్తాయి. ఎగిరి వచ్చిన వెలుగు అదే. అది లోపలికి చేరింది గానీ చేరవలసిన చోటికి చేరలేదు. కెమెరాలో ఈ దారితప్పిన వెలుగు బొమ్మ అంతటా పలుచని పొగలా పరుచుకుంటుంది, నల్లగా ఉండవలసినవి బూడిద రంగుకు తిరుగుతాయి. సౌర ఘటం దాన్ని కూడా వెలుగుగానే లెక్కపెట్టింది. అంటే పూత సరిగా లేని కటకం రెండుసార్లు నష్టపరుస్తుంది. ఆ పెళ్లికూతురి ముఖం మసకబారడమే కాదు, జడ కూడా నిగనిగలాడే నలుపు పోయి వెలిసినట్టు పడింది. మేము అప్పుడు దాన్ని గమనించలేదు, వాళ్ల అమ్మ గమనించింది.

ఈ నష్టం అందరి ముఖాల మీదా ఒకేలా కనిపించదు అనేది మా అనుభవం. వెలుగు అర స్టాపు తగ్గితే తెల్లని చొక్కా తెల్లగానే ఉంటుంది. చామనఛాయ ముఖాల్లోనే కళ్ల కింద, చెంపల పక్కన వివరాలు ముందుగా చీకట్లో కలిసిపోతాయి. మన హాస్టలు గ్రూపు ఫోటోల్లో చెట్టు నీడన నిలబడ్డ వెనక వరసను చూడండి, ఎవరెవరో గుర్తుపట్టలేరు. "పిల్లలు నల్లగ ఉన్నరు, ఫోటో గట్లనే వస్తది" అని ఎవరైనా అంటే నమ్మకండి. ద్వారం ఒక మెట్టు తెరవమనండి, లేదా షట్టరు వేగం తగ్గించమనండి. కటకం ముందు ధూళి కోసమని పెట్టే చవక ఫిల్టరు కూడా రెండు ఉపరితలాలే, దానికి పూత లేకపోతే ఎనిమిది పాళ్లు తినేస్తుంది, తీసేయమనండి. వానాకాలం బీరువాలో పెట్టిన కటకానికి బూజు పట్టిందేమో చూడమనడం కూడా తప్పు కాదు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు మేము ఆ స్టూడియోకు పోయాం. గొడవకు కాదు, తేల్చుకోవడానికి. తెల్ల సున్నం గోడ ముందు కెమెరా పెట్టి, జూమ్‌ను కూడా 50 మిల్లీమీటర్ల దగ్గర ఆపి, రెండు కటకాలతో ఎఫ్ 4 దగ్గర ఒక్కో ఫోటో తీశాం. అంచులు ఎలాగూ కొంచెం చీకటిగా వస్తాయి కాబట్టి నడిమధ్య భాగమే పోల్చాం. ఓనరు వెనకాల నిలబడి చూస్తున్నాడు. జూమ్ ఫోటో కంటికి కనిపించేంత తేడాతో మసకగా ఉంది. షట్టరును మూడో వంతు స్టాపు నెమ్మది చేస్తే దాదాపు సరిపోయింది, ఇంకా కొంచెం మిగిలింది. పాత జూమ్, గుంపులు పన్నెండు, ఒక్క పొర పూత అనుకుంటే సుమారు 70 పాళ్లు. మామూలు కటకానికి 95 పాళ్లు. లెక్క ప్రకారం అర స్టాపుకు కొంచెం తక్కువ తేడా రావాలి. అందులో కొంత భాగం రేకులు సరిగ్గా ఎఫ్ 4 దగ్గర ఆగకపోవడం వల్ల కూడా కావచ్చునని ఆయనకు చెప్పాం, ఎందుకంటే పాత కటకాల్లో అది కూడా మామూలే.

ఆయన రెండు ఫోటోలూ మార్చి మార్చి చూశాడు. "ఇన్నేండ్ల సంది ఇదే జూమ్‌తోని తీస్తున్న, మబ్బు పట్టిందనుకున్న" అన్నాడు. చాయ్ తెప్పించాడు. మూడు వందల మాట మేము ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. మరుసటి వారం పెళ్లికి రమ్మని, ఈసారి ఏడు వందలు ఇస్తానని చెప్పాడు. మేము లేచేలోపే జూమ్ కటకానికి తెల్ల టేపు చుట్టి, పెన్నుతో "మూడో వంతు ఎక్కువ పెట్టాలె" అని రాశాడు. చేతి చెమటకు ఆ రాత చెరిగిపోతుంటుంది. ఇప్పుడు ఆయన దగ్గర పనిచేసే పిల్లవాడు ప్రతి పెళ్లికీ ముందు టేపు మార్చి మళ్లీ రాస్తున్నాడు.

— వసతి గృహం పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. భౌతిక శాస్త్రం